మిరియం మళ్ళీ నడిచింది

పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం మా కుక్క మిరియం సోఫా ఎక్కలేదు. రోజూ నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే ఎగిరొచ్చి నా తొడ మీద గడ్డం ఆనించేది. ఆ రోజు మాత్రం సోఫా ముందు నిలబడి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వీపు విల్లులా వంచుకుంది, సన్నగా వణుకుతోంది. ఎత్తుకోబోతే కీచుమంది. బయట చెన్నై వాన హోరున కురుస్తోంది. చలికేమో అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మిరియం డాషండ్ జాతిది. పొడుగు ఒళ్ళు, జానెడు కాళ్ళు, నల్లటి ఒంటి మీద కనుబొమల దగ్గర గోధుమరంగు చుక్కలు. అప్పటికి దానికి ఐదేళ్ళు. మేముండేది పెరంబూరులో, లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తు. మా ఆయన రైలు కోచ్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. కావలి నుంచి వచ్చిన మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఆ వంగిన వీపుకి అర్థం ఏంటో ఒక్కరికీ తెలియలేదు.

మర్నాడు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళాం. పొట్ట నొక్కి చూసి కడుపునొప్పి అన్నారు, ఒక ఇంజెక్షన్ చేసి పంపించేశారు. సాయంత్రానికి నొప్పి తగ్గింది. అది తోక ఊపుకుంటూ తిరిగింది, మెట్లు దిగింది, ఎక్కింది. గండం గడిచిందనుకున్నాం. నిజానికి వెన్నెముక దెబ్బతిన్న కుక్కకి నొప్పి తెలియకుండా చేసి మెట్లెక్కనివ్వడమంటే కాపలా వాణ్ణి పంపేసి తలుపు తీసి పెట్టడమే. విశ్రాంతి ఇవ్వమని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. మూడో రోజు తెల్లవారుజామున వంటింటి వైపు నుంచి ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. లైటు వేసి చూస్తే మిరియం ముందు కాళ్ళతో పాకుతూ వస్తోంది. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా దాని వెంట వస్తున్నాయి.

ఎత్తితే నడుము వంగుతుందని అబ్బాయికి ఎలా తట్టిందో కానీ తన డ్రాయింగ్ బోర్డు తెచ్చాడు. దాని మీద దుప్పటి పరిచి, మిరియాన్ని పక్కకి పడుకోబెట్టి, నా చున్నీలతో వదులుగా కట్టి, బల్లతో సహా ఆటోలో పెట్టుకున్నాం. డాషండ్ ఉన్న ప్రతి ఇంట్లో వాళ్ళకీ నేను మొదట చెప్పే మాట ఇదే. వీపు వంచుకుని వణికితే కడుపు కంటే ముందు వెన్నెముకను అనుమానించండి. చంకలో వేలాడేసి ఎత్తకండి, బల్ల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి. నూనె రాసి మర్దనా అసలే వద్దు.

వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1903లో మొదలైన కాలేజీ అది. ఓపీ వరసలో మా ముందు ఒక మేక, వెనక రెండు పిల్లులు. డాక్టరు గారు మొదట అడిగింది, ఆ ఇంజెక్షన్ ఏంటని. మా చీటీలో పేరు రాసి లేదు. ఆ క్లినిక్కుకి ఫోన్ చేసి కనుక్కునేదాకా ఆయన ఇంకో మందు ఇవ్వలేదు. స్టెరాయిడ్ పడిన ఒంట్లోకి వెంటనే మామూలు నొప్పి మందు వెళ్తే కడుపులో, పేగుల్లో పుళ్ళు పడి రక్తస్రావం అవుతుందట. అప్పటినుంచి ఏ మందు వేసినా పేరు, మోతాదు, టైము ఒక నోటుబుక్కులో రాస్తున్నాను.

తర్వాత ఆయన చేసిన పరీక్ష నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. వెనక పాదాన్ని తిప్పి పైభాగం నేలకి ఆనేలా పెట్టారు. మంచి కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. మిరియం పాదం పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత వేళ్ళ మధ్య గిల్లారు. కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "నొప్పి తెలుస్తోంది కదా సార్!" అన్నారు మా ఆయన, ఊపిరి పీల్చుకుని. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. కాలు లాక్కోవడం వెన్నుపాము కింది భాగం తనంతట తను చేసే పని, దానికి మెదడుతో అవసరం లేదన్నారు. "కాలు చూడకండి, మొహం చూడండి." ఈసారి ఫోర్సెప్స్‌తో వేలి ఎముకనే గట్టిగా నొక్కారు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత మిరియం గిరుక్కున తల తిప్పి ఆయన చేతిని కరవబోయింది. పళ్ళు ఇకిలించిన ఆ మొహం చూసి ఆయన నవ్వారు. లోతు నొప్పి మెదడు దాకా చేరుతోంది. అది ఉంటే ఆపరేషన్ తర్వాత పదింటిలో దాదాపు తొమ్మిది కుక్కలు మళ్ళీ నడుస్తాయి. అది పోతే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది.

జబ్బు సంగతి ఆయనే బొమ్మ గీసి చెప్పారు. పూసకీ పూసకీ మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది, లోపల గుజ్జు. మామూలు కుక్కల్లో ఆ గుజ్జు చాలా ఏళ్ళు మెత్తగానే ఉంటుంది. డాషండ్ లాంటి పొట్టికాళ్ళ జాతుల్లో చిన్నప్పుడే ఎండి, సున్నం పట్టి గట్టిపడుతుంది. ఒకరోజు అది పగిలి పైకి ఎగదన్ని వెన్నుపాముని నొక్కేస్తుంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు ఒకటి 12వ క్రోమోజోములో చేరడం దీనికి మూలమని 2017లో కాలిఫోర్నియా వాళ్ళు కనిపెట్టారట. కాళ్ళను పొట్టిగా చేసేదీ, డిస్కులను ఎండబెట్టేదీ ఆ జన్యువు నకళ్ళే. మేం ముద్దుపడి తెచ్చుకున్న ఆ కాళ్ళ వెనక ఇంత కథ ఉందని కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఎక్స్‌రేలో వెన్నుపాము కనిపించదు కాబట్టి ఎమ్మారై తీశారు. దానికీ మత్తు ఇవ్వాలి. డిస్కు పగిలింది ఛాతీ చివరి పూసకీ నడుము మొదటి పూసకీ మధ్య, డాషండ్లలో ఎక్కువగా దెబ్బతినే చోట్లలో ఒకటి. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. పూసకి ఒక పక్క కిటికీలా తెరిచి లోపల పడ్డదాన్ని తీసేశారు. తీసినదాన్ని గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. తడిసిన సుద్దముక్కను వేలితో నలిపితే ఎలా ఉంటుందో అంతే, చిటికెడు. ఆ చిటికెడే మా పిల్లని మట్టి కరిపించింది.

ఆపరేషన్ అయిపోతే సగం పని అయిపోయినట్టే అనుకుని ఇంటికొచ్చాం. నా లెక్కలో అది పదో వంతు కూడా కాదు.

మొదటి వారం మమ్మల్ని ఏడిపించింది కాళ్ళు కాదు, మూత్రం. పరుపు తడుస్తూ ఉంటే అదే పోసేస్తోందని సంతోషించాం. మూడో రోజు చూపించడానికి వెళ్తే నర్సు పొట్ట తడిమి కంగారుపడింది. సంచి నిండిపోయి పైనుంచి పొర్లుతోంది, ఖాళీ అవ్వడం లేదు. అలా సాగదీసుకుపోతే సంచి కండరమే దెబ్బతింటుంది, చీము పడుతుంది. ఆవిడే నా చేతులు పట్టుకుని నేర్పింది. మిరియాన్ని నిలబెట్టి పట్టుకోవాలి. రెండు అరచేతులూ పక్కటెముకలు దాటాక, వెనక తొడలకి ముందు, పొట్టకి ఇరువైపులా ఆనించాలి. వేళ్ళ కొసలతో పొడవకూడదు, అరచేయి మొత్తంతో నెమ్మదిగా దగ్గరికి తేవాలి. లోపల నీళ్ళు నింపిన బెలూన్‌లా జారుతూ ఒకటి తగులుతుంది. దొరికాక హడావుడి పడకుండా తోక వైపుకి ఒత్తిడి పెంచుతూ పోవాలి. ముందు ఏమీ రాదు, బిగుసుకుని ఉంటుంది. ఒత్తిడి వదలకుండా పది అంకెలు లెక్కపెడితే సన్నటి ధార మొదలవుతుంది. బెలూను చింతగింజంత అయ్యేదాకా ఆపకూడదు. పొద్దున 5, పదకొండున్నర, సాయంత్రం 6, రాత్రి 12. ముప్పై నాలుగు రోజులు ఆ నాలుగు వేళలూ తప్పలేదు. ఆఫీసు నుంచి మధ్యాహ్నం నేను రాలేకపోయిన రోజుల్లో అత్తమ్మ చేసింది, డెబ్భై ఒకటో ఏట.

బోను సంగతి మాత్రం అత్తమ్మకి మింగుడు పడలేదు. నాలుగు వారాల పాటు మూడడుగుల బోనులో ఉంచాలి, బయటికి తీస్తే మూత్రానికీ వ్యాయామానికే. "ఏందమ్మే, నోరులేని జీవాన్ని బోన్లో పెట్టి తాళమేస్తారా" అని మొదటి రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. తర్వాత తనే బోను పక్కన చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

కుట్లు తీశాక ఫిజియో మొదలైంది. వేపేరిలోనే ఎవరో చెబితే తిరువాన్మియూరు దాటాక ఉన్న ఒక చోటికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ తమిళావిడ. మిరియం పేరు అడిగి, అర్థం తెలుసుకుని, ఆ క్షణం నుంచి దాన్ని తమిళంలో "మిళగు" అనే పిలిచింది. అది ఆ పేరుకీ పలికేది. అంతకుముందు చాలా ఏళ్ళు ఆవిడ గిండీ రేసు గుర్రాల దగ్గర పనిచేసింది. గుర్రానికి ముందు కాలి వెనక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, చిట్లితే తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుందట. నెలల తరబడి కళ్ళెం పట్టుకుని నడిపించడమే మందు. మొదట రోజుకి కొన్ని నిమిషాలు, వారం వారం కాస్త పెంపు, స్కానులో దాని పోగులు సరిగ్గా అల్లుకున్నాయని కనిపించేదాకా పరుగు మాటే లేదు. "గుర్రం రెండో నెలకే బాగైపోయానని అనుకుంటుంది. యజమాని ఇంకా ముందే అనుకుంటాడు. ఇద్దరినీ ఆపడమే నా ఉద్యోగం" అంది. ఆ మాట మా ఆయన ఫ్రిజ్ మీద అంటించారు.

ఆవిడ చెప్పిన మొదటి వ్యాయామం చూసి అత్తమ్మ మొహం వికసించింది. పక్కకి పడుకోబెట్టి, కాళ్ళ మధ్య దిండు పెట్టి, వేళ్ళు, చీలమండ, మోకాలు, తుంటి ఒక్కో కీలూ మెల్లగా మడిచి చాపాలి. ఒక్కోటి పదిహేను సార్లు, రోజుకి మూడు విడతలు. ఆ తర్వాత కాలు మొత్తాన్ని సైకిలు తొక్కించినట్టు తిప్పాలి. చంటిపిల్లలకి లాలపోసే ముందు కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఒళ్ళు సాగదీసిన చేతులు అత్తమ్మవి. మా అబ్బాయిని, వాళ్ళ నాన్నని, కావలిలో ఇరుగుపొరుగు పిల్లల్ని ఆ చేతులే సాకాయి. కానీ రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తనని ఆపింది. "మెదువా, పాటీ, మెదువా." మెల్లగా అవ్వా, మెల్లగా అని. పసిపిల్లకి సాగదీసినంత సాగదీయకూడదు, కీలు తనంతట వచ్చినంతే, బిగువు తగిలిన చోట ఆగిపోవాలి. అత్తమ్మ ఒక్కసారి విని సరిచేసుకుంది. తర్వాత మా ఇంట్లో అందరికంటే బాగా చేసింది తనే. పాదాల కింద మెత్తలని వేలి గోరుతో గీకడం, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి వదలడం, ఇవన్నీ నోటితో ఏదో జోలపాట పాడుతూ చేసేది.

ఆపరేషన్ అయిన పదహారో రోజు. పొద్దున తొమ్మిది గంటలకి వీధిలో చేపలమ్మ కేక వినిపించింది. బోనులో మిరియం చెవులు నిక్కబొడుచుకున్నాయి. తోక కొస అటూ ఇటూ రెండుసార్లు కదిలింది. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. తోక ముట్టుకుంటే కదలడం వేరు. కేక చెవిన పడి, కేకలో చేప ఉందని మెదడు గుర్తుపట్టి, ఆ సంతోషం దెబ్బతిన్న చోటు దాటి తోక కొస దాకా దిగి రావడం వేరు. ఫోన్‌లో డాక్టరమ్మకి చెబితే "తారు పడకపోయినా దారి పడింది" అంది. ఆ రోజు చేపలమ్మ దగ్గర కిలో వంజరం కొన్నాం. దానికి మాత్రం ముళ్ళు తీసిన ఒక్క ముక్కే.

ఇరవయ్యో రోజు నీళ్ళలోకి దించారు. అద్దాల పెట్టె, అడుగున కదిలే బెల్టు, గోరువెచ్చటి నీళ్ళు. నీళ్ళ ఎత్తుకి ఒక లెక్క ఉంది. చీలమండ దాకా నింపితే కుక్క తన బరువులో 91 శాతం మోస్తుంది, మోకాలి దాకా అయితే 85, తుంటి దాకా అయితే 38 శాతమే. అప్పటికి పది కిలోలున్న మిరియం తుంటి లోతులో నాలుగు కిలోలకు తక్కువే మోయాలి. నేల మీద లేవలేని కాళ్ళు అక్కడ నిలబడ్డాయి. డాక్టరమ్మ మోకాళ్ళ దాకా తడుస్తూ లోపలే కూర్చుని, వెనక పాదాలు ఒక్కొక్కటే తీసి ముందుకి పెట్టింది. బెల్టు వెనక్కి లాగుతుంటే కాలు చాచుకుంటుంది, చాచుకున్న కాలు మళ్ళీ ముందుకి రావాలనుకుంటుంది. అడుగులేసే లయ కొంత వెన్నుపాములోనే ఉంటుందట. దాన్ని లేపాలి. మొదటి రోజు ఒక్కో నిమిషం చొప్పున మూడుసార్లు. బయటికొచ్చి తువ్వాలులోనే నిద్రపోయింది.

ఆ నీళ్ళ పెట్టె చూసి జనం అక్కడే నయమవుతుందనుకుంటారు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున మేం అక్కడ ఉన్నాం. మిగతా వారమంతా ఇంట్లోనే. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారిపోతుంటే హాలంతా రబ్బరు చాపలు పరిచాం. వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించాం. పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని నిలబెట్టడం, పట్టు ఒక్క క్షణం వదులు చేయడం, కూలబడే ముందే అందుకోవడం. ఇరవై ఆరో రోజు పదకొండు సెకన్లు నిలబడిందని నా నోటుబుక్కులో ఉంది. నలభై ఒకటో రోజు తువ్వాలు లేకుండా మూడు అడుగులు. అబ్బాయి తన క్రికెట్ వికెట్లు నేల మీద జానెడు జానెడు దూరంలో పరిచాడు. ప్రతి కర్రా దాటాలంటే పాదం ఎక్కడుందో మిరియానికి తెలియాలి. కాళ్ళలో బలం వచ్చినా ఆ ఎరుక ఆలస్యంగా వస్తుంది.

ఏడో వారం నుంచి తొమ్మిదో వారం దాకా ఏమీ కాలేదు. ఏమీ కాకపోగా వెనక్కి పోయింది. నిలబడేది కూలబడసాగింది, మూత్రం మబ్బుగా, ఘాటు వాసనతో వచ్చింది. పరీక్ష చేయిస్తే ఇన్‌ఫెక్షన్. ఎడమ పాదం మడత పడి ఈడ్చుకోవడంతో పైన చర్మం లేచిపోయింది. చంటిపిల్లల మేజోళ్ళు తొడిగితే రెండు రోజుల్లో చిరిగిపోయేవి. టేపుతో తొడ చుట్టుకొలత కొలిస్తే కుడి కంటే ఎడమ సెంటీమీటరున్నర తక్కువ. ఒక రాత్రి పన్నెండు గంటలకి మళ్ళీ మూత్రం నొక్కుతూ, ఇదంతా దాని కోసం చేస్తున్నానా, నా కోసం చేస్తున్నానా అని ఏడ్చాను. మర్నాడు ఆ మాటే డాక్టరమ్మని అడిగాను. ఆవిడ ఓదార్చలేదు. నోటుబుక్కు తెరిపించి, మూడో వారం పేజీ, ఎనిమిదో వారం పేజీ పక్కపక్కన చదివించింది. యాంటీబయాటిక్ పది రోజులు వాడాక మళ్ళీ కదలిక మొదలైంది.

బరువు గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. జబ్బు పడ్డప్పుడు మిరియం 11 కిలోల 200 గ్రాములు. అత్తమ్మ పెట్టే పెరుగన్నం, బిస్కెట్లు, నేను చూడనట్టు ఊరుకోవడం, అన్నీ ఆ వీపు మోసింది. కడుపు మాడ్చొద్దని అత్తమ్మ గట్టిగా పట్టుబడితే డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. అమెరికాలో 48 లాబ్రడార్లను పిల్లలప్పుడే జంటలుగా విడదీసి, ఒకదానికి జత కంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. అత్తమ్మ ఆ రాత్రి బిస్కెట్ డబ్బా నా చేతికిచ్చింది. ఇప్పుడు మిరియం 8 కిలోల 900.

ఏడు నెలలైంది. మెట్లు మేమే ఎత్తుకుని దించుతాం, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తొడల కింద, వీపు తిన్నగా. సోఫాకి పలక వేసి వాలు చేశాం. మెడపట్టీ తీసేసి ఒంటికి పట్టీ వేశాం. ఇంకో డిస్కు పగలొచ్చని తెలుసు, బల్ల తలుపు వెనకే ఉంది. పోయిన నెల కొళత్తూరు నుంచి ఒకమ్మాయి తన డాషండ్‌ని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది, మూత్రం రావడం లేదని. ఆ అమ్మాయి చేతుల మీద నా చేతులు పెట్టి బెలూను ఎక్కడుందో చూపించాను. దొరకగానే తన వేళ్ళు ఆగిపోయాయి, నాకు తెలిసిపోయింది.

మిరియం ఎడమ పాదం ఇప్పటికీ అప్పుడప్పుడు నేలని గీరుతుంది. మధ్య రెండు గోళ్ళు తక్కినవాటికంటే పొట్టిగా అరిగిపోయాయి. పొద్దున వీధిలోకి తీసుకెళ్ళినప్పుడు నేను వెనక నడుస్తూ ఆ చప్పుడే వింటాను. టక్, టక్, టక్, సర్. మా గేటు నుంచి మలుపు దగ్గర వేపచెట్టు దాకా జనవరిలో ఆ "సర్"లు అరవై దాటేవి. నిన్న పద్నాలుగు. చెట్టు దగ్గర ఆగి, వెనక కాళ్ళ మీద కిందికి వంగి, ఎవరి సాయం లేకుండా మూత్రం పోసి, మట్టిని రెండు కాళ్ళతోనూ వెనక్కి విసిరింది. ఎడమ కాలు కొంచెం తక్కువ విసిరింది.